మీ పాటను ఇంకొకరు పాడితే పైసలు ఎవరికి పోతయి?

ముందుగాల ప్రశ్న ఏందో చెప్త. దేవరకొండ పక్క ఊరాయన ఒకరు అడిగిండు. 2021ల మాటలు తనే రాసి, బాణీ తనే కట్టి, ఒక జానపద పాటను నల్లగొండల ఒక యూట్యూబ్ ఛానలోళ్లకు ఎనిమిది వేలకు ఇచ్చిండు. అది ఓ మోస్తరుగ నడిచింది. పోయినేడు వేరే జిల్లా అమ్మాయి అదే పాటను కొత్త సంగీతంతోని పాడి పెడితే అసలు దానికంటే ఎన్నో రెట్లు చూసిన్రు. దాని మీద ఒక డీజే మిక్స్ కూడ వచ్చింది. ఎక్కడా ఈయన పేరు లేదు. "కవర్ పాటలతోని రాసినోనికి ఏమన్న లాభముందా, లేకుంటే స్ట్రైక్ కొట్టి తీసేయించాల్నా?" ఇదీ ఆయన అడిగింది.

లాభముంది అన్నా. అసలు రికార్డింగు నడిచినప్పటికంటే కవర్, అంటే అదే పాటను వేరేటోళ్లు కొత్తగ పాడింది, నడిచినప్పుడే రాసినోని వాటా విడిగ తేలతది. కాని అది దానంతటదే ఇంటికి రాదు. పాట మీద హక్కు ఇంకా మీ పేరు మీదనే ఉండాలె. రాయల్టీ సొసైటీ, అంటే పాట వాడుకున్నోళ్ల దగ్గర వసూలు చేసి రాసినోళ్లకు పంచే సంస్థ, దాని లెక్కలల ఆ పాట మీ పేరు మీద ఎక్కి ఉండాలె. కవర్ పెట్టినోళ్లు మీ పేరును సరైన గడిల రాసి ఉండాలె. వీటిల ఒక్కటి తప్పినా ఆ పైసలు నడుమ ఎక్కడనో ఆగుతయి, లేదంటే వేరేటోళ్ల ఖాతాల పడతయి. అమ్మాయి వీడియో మీద ఇప్పుడే స్ట్రైక్ కొట్టొద్దు. డీజే మిక్స్ సంగతి వేరు, అది కవరే కాదు. కారణాలు కింద చెప్త.

పాట వేరు, రికార్డింగు వేరు. మన దిక్కు గొడవలల సగం ఇది తెలువకనే వస్తయి. 1957 కాపీరైట్ చట్టం లెక్కల వినబడే ఒక పాటల మూడు ఆస్తులుంటయి. మాటలు సాహిత్య రచన కిందికి వస్తయి. బాణీ సంగీత రచన, దానికి స్వరాలు రాసి ఉండాలనే నియమం లేదు, నోటితోని కట్టినా చెల్లుతది. మూడోది స్టూడియోల పాడి ముద్రించిన శబ్దం, అంటే సౌండ్ రికార్డింగు. మొదటి రెండు రాసినోనివి, కట్టినోనివి. మూడోది పైసలు పెట్టి రికార్డు చేయించినోనిది.

పట్టా భూమి లెక్క అనుకోన్రి. భూమి మీది, కౌలుకు తీసుకొని పంట పండించింది ఛానలోళ్లు. వాళ్లు పండించిన పంట వాళ్లదే, దాన్ని మీరు కోసుకపోలేరు. కాని ఇంకొకాయన అదే భూమిల పంట వేస్తే కౌలు రావాల్సింది పట్టాదారుకు, మొదటి కౌలుదారుకు కాదు. కవర్ అంటే ఆ రెండో పంట. అమ్మాయి కొత్తగ పాడి, కొత్తగ డప్పులు, కీబోర్డు వాయించుకొని రికార్డు చేసింది కాబట్టి ఛానలోళ్ల రికార్డింగును ముట్టుకోలేదు. ముట్టుకున్నది మీ మాటలను, మీ బాణీని. అందుకే అక్కడ మాట్లాడే హక్కు మొదట మీది. ఛానలోళ్లు మీ దగ్గర పాట హక్కులు కూడ రాయించుకోని ఉంటే తప్ప.

డీజే మిక్స్‌ల జరిగింది దీనికి తలకిందులు. అసలు పాడినోని గొంతునే కోసి, వేగం పెంచి, కింద బీటు వేస్తరు. అందుల మీ మాటలున్నయి, బాణీ ఉన్నది, ఛానలోళ్ల రికార్డింగు కూడ ఉన్నది. అంటే ఇద్దరి అనుమతి కావాలె. అసలు పాటల నుంచి గొంతు తీసేసిన ట్రాక్ మీద పాడినా ఇదే లెక్క, చాలమంది దాన్ని కూడ కవర్ అనే అంటరు గాని కాదు. యూట్యూబ్ యంత్రం, అదే కంటెంట్ ఐడీ, ముఖ్యంగ శబ్దం గుర్తు పట్టే పని చేస్తది కాబట్టి డీజే మిక్సులు తొందరగ దొరుకుతయి. కొత్తగ పాడిన కవర్‌ను బాణీని బట్టి పట్టే ఏర్పాటు కూడ ఉంది గాని, తాళం మారి, శ్రుతి మారి, నడుమ ఒగ్గు డోలు దరువు వచ్చి పడితే దాని మీద భరోసా పెట్టుకోలేం. చేతితోనే వెతికి పట్టుకోవాలె.

ఇగ పైసలు ఏ దారిల వస్తయి. నాలుగు దారులు. మొదటిది నేరుగ అనుమతి ఇచ్చి తీసుకునే పైకం. రెండోది ఐపీఆర్ఎస్ ద్వార వచ్చే రాయల్టీ. ఇది 1969ల పెట్టిన సొసైటీ, ముంబైల ఉంటది. మాటలు రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు, పాటల హక్కులు ఉన్న కంపెనీలు ఇందుల సభ్యులు. టీవీ, ఎఫ్ఎం, స్ట్రీమింగ్ వేదికలు, టికెట్ పెట్టే కచేరీలు, హోటళ్ల దగ్గర లైసెన్సు ఫీజు వసూలు చేసి పంచుతది. రికార్డింగు పైసలకు దీనికి సంబంధం లేదు, వాటికి వేరే సంస్థలున్నయి. ఎవరు పాడినా, ఎన్ని తీర్ల పాడినా ఐపీఆర్ఎస్ లెక్క పాట మీదనే పోతది కాబట్టి కవర్ ఎక్కువైన కొద్ది ఈ దారి వెడల్పైతది. మూడోది యూట్యూబ్‌ల పాట హక్కుదారు తరఫున క్లెయిమ్ వేస్తే వచ్చే ప్రకటనల ఆదాయం. అర్హత ఉన్న కవర్లకు ఆ ఆదాయాన్ని పాడినోళ్లు, హక్కుదారు పంచుకునే పద్ధతి కూడ యూట్యూబ్‌ల ఉన్నది. పాడిన ఛానల్ పార్ట్‌నర్ ప్రోగ్రాంల, అంటే యూట్యూబ్ ప్రకటనల ఆదాయం పంచే పథకంల, ఉండాలె. నాలుగోది కాయితం మీద కనబడని లాభం: కవర్ విన్నోళ్లు అసలు పాటను వెతుకుతరు, వేరే ఛానలోళ్లు తర్వాతి పాట రాయమని మీకే ఫోను చేస్తరు. పేరు కింద రాసుంటేనే ఇది. పేరు లేకుంటే ఆ ఫోను పాడినామెకు పోతది, వాళ్లను తప్పు పట్టేది కూడ లేదు.

హక్కు చేతుల పెట్టుకుంటే ఏమైతదో చూపే ఉదాహరణ అమెరికాది ఒకటుంది, చెప్పక తప్పదు. గాయని డాలీ పార్టన్ తను రాసి 1974ల విడుదల చేసిన పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడుకుంటనన్నడు. ఆయన మేనేజరు పాట హక్కుల సగం రాసియ్యమని అడిగిండు. అంత పెద్ద గాయకుడైనా ఆమె ఒప్పుకోలేదు. 1992ల అదే పాటను ఒక సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడితే ప్రపంచమంత మోగింది. పాట హక్కు ఇంకా పార్టన్ దగ్గరే ఉండె కాబట్టి రాసినోళ్ల వాటా ఆమెకే చేరింది. ఎనిమిది వేలకు సంతకం పెట్టేటప్పుడు మన దిక్కు ఎవరూ ఇట్ల ఆలోచించరు. పాట ఎంత దూరం పోతదో ఆ రోజు ఎవరికి తెలువదు గదా.

మీ 2021 కాయితం బయటికి తియ్యున్రి. అంతా దాని మీదనే ఉంది.

అసలు కాయితమే లేదు, ఫోన్‌పేల ఎనిమిది వేలు పడ్డయి, అంతే అంటే భయపడొద్దు. హక్కులు బదలాయించాలంటే రాతపూర్వకంగ, ఇచ్చేటోని సంతకంతోని ఉండాలని 19వ సెక్షన్ చెప్తది. నోటిమాటతోని పాట హక్కు పోదు. ఆ ఎనిమిది వేలకు మీరు ఆ ఒక్క రికార్డింగుకు ఒప్పుకున్నట్టే అని గట్టిగ వాదించొచ్చు.

కాయితం ఉండి, అందుల ఎంత కాలమో రాయకుంటే, చట్టం దాన్ని ఐదేండ్లకే లెక్క కడతది. 2021 మార్చిల సంతకమైతే 2026 మార్చితోని ఆ హక్కు మీకు తిరిగొస్తది. ఏ ప్రాంతానికి అని రాయకుంటే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాది లోపల వాడుకోకుంటే, వేరేగ రాసుకోకుంటే, అది కూడ రద్దైనట్టే. మన దిక్కు స్టాంపు పేపర్లల "పాటపై సర్వహక్కులు ఇచ్చితిని" అని ఒక లైను కొట్టి వదిలేస్తరు, కాలం, హద్దు రాయరు. అది రాయించుకున్నోని బద్ధకం, మీకు కలిసొచ్చేది.

"శాశ్వతంగ, ప్రపంచమంతట" అని రాసి సంతకం పెట్టేసిన్రనుకుందం. అప్పుడు కూడ రాయల్టీల సగం మీది. 2012 జూన్ 21 నుంచి అమలైన సవరణ ఇదే చెప్తది: సినిమాల గాని, సినిమా కాని రికార్డింగుల గాని వాడిన పాటకు రాసినోళ్లు, కట్టినోళ్లు హక్కు తీసుకున్నోనితోని సమానంగ రాయల్టీ పంచుకునే హక్కును వదులుకోలేరు. వదులుకున్నట్టు రాసినా చెల్లదు. వారసులకు గాని, కాపీరైట్ సొసైటీకి గాని మాత్రమే ఇయ్యొచ్చు. ఆ సగంల మాటలకు ఒక పాలు, బాణీకి ఒక పాలు. రెండూ మీవే కాబట్టి రెండు పాళ్లు మీవే. అంటే అమ్మాయి కవర్ మీద ఛానలోళ్లు క్లెయిమ్ వేసి పైసలు తీసుకుంటున్నా, పాట వాడుకున్నందుకు వచ్చిన దాంట్ల సగం అడిగే దారి మీకుంది. చాలమంది రచయితలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పాల్సినోళ్లకు చెప్పుడు నష్టం గదా.

రుజువులు ఇప్పుడే ఒక్క దగ్గర పెట్టున్రి. నోట్‌బుక్కుల కొట్టివేతలతోని ఉన్న మొదటి ప్రతి, స్టూడియోకు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజులు (ఫోను మార్చేటప్పుడు ముందుగాల పోయేవి ఇవే), పైసలు పడ్డ మెసేజ్, అసలు వీడియో వివరణల మీ పేరుంటే దాని స్క్రీన్‌షాట్. కాపీరైట్ ఆఫీసుల రిజిస్టరు చేయించుడు తప్పనిసరి కాదు, పాట రాసిన రోజు నుంచే హక్కు పుడతది. కాని వివాదం ముదిరేటట్టుంటే చేయించుకుంటే మంచిది. మాటలకు 500, బాణీకి 500, ఆన్‌లైన్లనే దరఖాస్తు. డైరీ నంబరు, అంటే దరఖాస్తు అందినట్టు ఇచ్చే నంబరు, వచ్చినంక 30 రోజులు అభ్యంతరాల కోసం ఆపుతరు. తర్వాత పరిశీలన. మాటల దరఖాస్తు, బాణీ దరఖాస్తు వేరు వేరు వెయ్యాలె, రెండిటిని ఒకే దాంట్ల కలిపితే వెనక్కి పంపిస్తరు.

బాణీ నిజంగ మీదేనా? ఇది సూటిగ అడుగుతున్న, ఏమనుకోకున్రి. మన జానపదాలల మాటలు కొత్తయి, బాణీ పాతది అయ్యుడు చాల మామూలు. బతుకమ్మ ఉయ్యాల పాట నడక మీద, నాట్ల పాట మీద, కోలాటం పాట మీద కొత్త మాటలు కడితే ఆ బాణీ ఎవరి ఆస్తి కాదు. అప్పుడు మాటల పాలే మీది. రిజిస్టరు చేసేటప్పుడు బాణీ గడిల "సాంప్రదాయం" అని రాయాలె. అక్కడ మీ పేరు రాసి, ఊర్ల ముసలమ్మలు పాడే పాట మీద క్లెయిములు వేస్తే రేపు ఎవరన్న పాత రికార్డింగు తీసి చూపించిన రోజు మీ నిజమైన పాటల మీద కూడ అనుమానం వస్తది. పల్లవి ఊరిది, చరణాలు మీవి అయితే చరణాల వరకే అడుగున్రి. ఆ నడక మీద వేరే మాటలు రాసుకొని పాడినోళ్లు మీకు బాకీ లేరు.

పాతది అనంగనే హక్కు లేనట్టు కూడ కాదు. రాసినాయన చనిపోయినంక, ఆ ఏడాది అయిపోయిన నాటి నుంచి 60 ఏండ్ల దాక హక్కు వారసులకు ఉంటది. 1982ల కన్నుమూసిన సుద్దాల హనుమంతు పాటలు ఇంటింటికి తెలిసినవే, అందరూ పాడేవే. అయినా వాటి మీద హక్కు 2042 చివరి దాక నడుస్తది. మన ఉద్యమ పాటలు చానమటుకు ఇట్ల "ప్రజల పాట" అనే పేరు కింద రాసినోళ్ల పేరు లేకుండనే తిరుగుతున్నయి.

కవర్ పాడేటోళ్లు చెయ్యాల్సింది ఏంది. చట్టంల 31సీ అని ఒక సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డైన ఏడాది అయిపోయినంక ఐదు నిండు క్యాలెండరు సంవత్సరాలు గడిస్తే, యజమాని ఒప్పుకోకున్నా చట్టబద్ధంగ కవర్ చెయ్యొచ్చు. మీ పాట 2021ల రికార్డైంది కాబట్టి 2027 జనవరి 1 నుంచి. అంతకు ముందు మీ అనుమతి తప్పదు. పాత చట్టంల ఇది రెండేండ్లే ఉండె. ఆ సందుల నుంచే క్యాసెట్ల కాలంల పాత సినిమా పాటలను కొత్త గొంతులతోని పాడించి చవకగ అమ్మిన్రు. 2012ల ఐదేండ్లు చేసిన్రు.

ఐదేండ్లు దాటినా షరతులు చిన్నవి కావు. చెయ్యకముందే కనీసం 15 రోజుల ముందు యజమానికి, కాపీరైట్ రిజిస్ట్రారుకు నోటీసు ఇయ్యాలె. రాయల్టీ ముందే కట్టాలె, అది కూడ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. అసలు పాడినోళ్ల పేరు గాని, ఫొటో గాని అట్ట మీద పెట్టి మోసపుచ్చొద్దు, కవర్ అని స్పష్టంగ రాయాలె. మాటలు, బాణీ మార్చొద్దు. సాంకేతికంగ తప్పనిది తప్ప. ఇదంతా క్యాసెట్లు, సీడీలు అమ్ముడుపోయే రోజులను మనసుల పెట్టుకొని రాసిన పద్ధతి. అదిగాక 31సీ శబ్దం రికార్డింగుకే, వీడియోకు కాదు. రేటు తేల్చాల్సిన బోర్డు కూడ 2021ల రద్దై ఆ పని కోర్టులకు పోయింది. అందుకని మన దిక్కు చిన్న ఛానళ్లకు అసలు పనికొచ్చేది ఒక్కటే: రాసినోని దగ్గరికి పోయి ఒక పేజీ అనుమతి తెచ్చుకునుడు.

అమెరికాల దీనికి స్థిరమైన రేటు ఉంటది. 2025ల ఐదు నిమిషాల లోపు పాటకు కాపీకి 12.7 సెంట్లు. అక్కడ పాడేటోనికి, రాసినోనికి బేరమాడే పని లేదు. మనకు ఆ సౌలత్ లేదు, కాబట్టి కాయితం బాగ రాసుకోవాలె.

ఆ ఒక పేజీ ఇట్ల ఉంటే సరిపోతది:

"'ఫలానా' పల్లవితో మొదలయ్యే పాటకు మాటలు, బాణీ నావి. ఈ పాటను కొత్తగ రికార్డు చేసి మీ ఫలానా ఛానల్‌ల ఒక వీడియోగ, ఆడియో వేదికలల ఒక ట్రాకుగ పెట్టుకొనుటకు మూడేండ్ల వరకు అనుమతి ఇస్తున్న. వివరణ మొదటి లైనులనే 'మాటలు, బాణీ' అని నా పేరు రాయాలె. మాటలు మార్చొద్దు. ఆడియో వేదికలకు ఇచ్చేటప్పుడు కవర్ అనే గుర్తు పెట్టాలె, రచయిత, స్వరకర్త గడులల నా పేరే రాయాలె. ఈ పాట మాటల మీద, బాణీ మీద మీకు హక్కు రాదు, వేరేటోళ్లకు ఇచ్చే వీలు లేదు. ఆదాయంల ఇంత శాతం మూడు నెలలకోసారి, యూట్యూబ్ స్టూడియో లెక్క స్క్రీన్‌షాట్‌తోని పంపాలె."

శాతం ఎంత అంటే, మాటలు, బాణీ రెండూ ఒక్కరివే అయినప్పుడు పాడినోళ్ల రికార్డింగు ఖర్చులు పోను మూడో వంతు నుంచి సగం లోపల అడుగుడు న్యాయమని నా లెక్క. పైసలే ముఖ్యమనుకోకుంటే ఒకసారికి చిన్న మొత్తం తీసుకొని పేరు గట్టిగ పట్టుకోన్రి. కొత్తగ పాడే పిల్లల దగ్గర పెద్ద మొత్తం అడిగితే వాళ్లు అడుగుడు మానేసి దొంగతనంగ పాడుడు మొదలు పెడతరు. "మాటలు మార్చొద్దు" అనే దగ్గర ఒకటి గమనించున్రి: మగవాళ్లు పాడిన పాటను ఆడవాళ్లు పాడితే "పిల్లా" అన్న కాడ "పిలగా" అనాల్సి వస్తది. అటువంటి మార్పులు ఏవో కాయితంలనే రాసుకోన్రి, లేకుంటే తర్వాత అదే గొడవకు మొదలైతది.

ఎక్కువ దెబ్బ తగిలేది ఆడియో వేదికల ఫారం దగ్గర. పాడినోళ్లు పాటను డిస్ట్రిబ్యూటరు ద్వార స్ట్రీమింగ్ యాపులకు పంపుతరు. అక్కడ "ఇది కవరా, సొంత పాటనా" అని ఒక ప్రశ్న ఉంటది. తెలువకనో, తొందరలనో సొంతం అని కొడతరు. రచయిత గడిల తమ పేరే రాస్తరు. కంటెంట్ ఐడీ కావాల్నా అంటే అవునని కొడతరు. ఇగ ఆ కవర్ శబ్దం యంత్రంల చేరి, ఎవరన్న దాన్ని రీల్స్‌ల, వీడియోలల వాడితే వచ్చే పైసలు వాళ్లకే పోతయి. ఒక్కోసారి అసలు పాట పెట్టిన ఛానల్ మీదనే క్లెయిమ్ పడతది. అమ్మాయి కవర్‌ల ఇది జరిగిందో లేదో చూడున్రి: యూట్యూబ్‌ల వీడియో కింద సంగీతం వివరాలు కనబడితే అందుల స్వరకర్త, గీత రచయిత పేర్లు ఎవరివున్నయో తేలిపోతది. తప్పుంటే పాడినామె తన డిస్ట్రిబ్యూటరుకు రాసి సరి చేయించాలె, బయటినుంచి మనం చేస్తే నెలలు పడతది. క్లెయిమ్ పడిన ఛానలోళ్లు అభ్యంతరం పెడితే, క్లెయిమ్ వేసినోనికి జవాబియ్యడానికి 30 రోజులుంటయి. క్లెయిమ్ పడిన ఐదు రోజుల లోపల అభ్యంతరం పెడితే మొదటి రోజు నుంచి ఆదాయం పక్కకు పెట్టి ఉంచుతరు. ఐదు రోజులు దాటితే అభ్యంతరం పెట్టిన రోజు నుంచే.

ఐపీఆర్ఎస్‌ల చేరుడు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా కాయితం, నామినీ వివరాలు, విడుదలైన పాట లింకు సిద్ధం చేసుకోన్రి. ఇక్కడ చాలమంది చేసే తప్పు ఏందంటే సభ్యత్వం తీసుకొని ఊరుకుంటరు. సభ్యుడైనంత మాత్రాన పైసలు రావు, ఒక్కొక్క పాటను విడిగ ఎక్కించాలె. పాట పేరు దగ్గర కూడ జాగ్రత్త. జానపదాలకు ఒకే పేరు ఉండదు. ఒక ఛానల్‌ల పల్లవితోని, ఇంకో ఛానల్‌ల నడుమ వచ్చే హుక్ మాటతోని, మూడో దాంట్ల పాడినోళ్ల పేరుతోని ఉంటది. ఈ పేర్లన్నిటిని ప్రత్యామ్నాయ పేర్లుగ రాయున్రి. ప్రతి రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అని వేరే నంబరు ఉంటది, పాటకు మాత్రం ఐఎస్‌డబ్ల్యూసీ అని ఒకటే నంబరు. అసలు రికార్డింగు ఐఎస్ఆర్‌సీతో పాటు కవర్‌ది కూడ సేకరించి మీ పాటకు జత చేయించుకుంటే కవర్ ఎక్కడ మోగినా లెక్క మీ పాటకు చేరతది. మీ పేరు కూడ అంతట ఒక్క తీరుగనే ఉండాలె. ఒక దగ్గర ఇంటిపేరు ముందు, ఒక దగ్గర వెనక, ఇంకో దగ్గర ఊరి పేరు తగిలించి ఉంటే లెక్కలు కలువవు.

ఒక సంగతి ముందే తెలిసుండాలె. చేరేటప్పుడు కొన్ని హక్కులు సొసైటీకి రాసిస్తరు, ఆ హక్కుల కింద వచ్చే లైసెన్సులు తర్వాత మీరు సొంతంగ ఇయ్యలేరు. పైన చెప్పిన ఒక పేజీ కాయితం రాసేటప్పుడు ఇది చూసుకోవాలె. ఛానలోళ్లకు ఇదివరకే రాసిచ్చిన పాటలు ఏవో వాటి వివరం కూడ దాచకుండ చెప్పాలె.

స్టేజీ సంగతి క్లుప్తంగ. పెండ్లి బరాత్‌ల, పెండ్లి దావత్‌ల, గుడి ఉత్సవంల మీ పాట పాడితే రాయల్టీ రాదు, చట్టమే మినహాయించింది. పెద్దగట్టు జాతరల, కురుమూర్తి జాతరల భక్తి కార్యక్రమంగ పాడినోళ్ల వెంట పడొద్దు. టికెట్ పెట్టిన ప్రోగ్రాం, హోటల్ ఈవెంటు అయితే లైసెన్సు తీసుకునే బాధ్యత నిర్వాహకునిది. ఏ పాటలు పాడిన్రో జాబితా ఇయ్యకుంటే మీ పాట లెక్కల రాదు, తెలిసిన గాయకులుంటే జాబితాల పాట పేరు రాయించమని చెప్పున్రి. ఆ పాట మొదట పాడినాయనకు కూడ అది తన పాటే అనిపిస్తది, అది సహజం. 2017 మార్చిల ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండ కచేరీలల పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికే నోటీసు పంపిన సంగతి అందరికి తెలుసు. అట్ల చెయ్యాల్సి ఉండెనా లేదా అనేది వేరే చర్చ. పాడినోనికి తన గానం మీద హక్కుంటది గాని పాట మీద కాదు.

స్ట్రైక్ ఎప్పుడు కొట్టాలె. కొడితే వీడియో పోతది, దానితోని దాని మీద రాబోయే ఆదాయం, మీ పాటకు వచ్చిన జనం కూడ పోతరు. అవతలోళ్లు కౌంటర్ నోటిఫికేషన్, అంటే మీ ఫిర్యాదు తప్పని ఎదురు నోటీసు, వేస్తే పది పని దినాల లోపల మీరు కోర్టుకు పోయినట్టు చూపించాలె, లేకుంటే వీడియో తిరిగొస్తది. మీ 2021 కాయితం ఏమంటదో చూడక ముందే కొడితే, హక్కు మీది కాదని తేలినప్పుడు తప్పుడు ఫిర్యాదు కింద మీ మెడకే చుట్టుకుంటది.

ముందుగాల వీడియో లింకు, తేదీ, వ్యూస్ కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసుకోన్రి. పాడినామెకు మర్యాదగ రాయున్రి: పేరు ఎక్కించాలె, ఒక పేజీ కాయితం చేసుకుందాం, ఇప్పటిదాక వచ్చిన ఆదాయం లెక్క చూపించాలె. పదిహేను రోజులు గడువు పెట్టున్రి. మామూలుగ పేరు ఎక్కించుడు దాక ఎవరూ ఎదురు చెప్పరు, పైసల కాడనే నీళ్లు నములుతరు. అదే సమయంల ఛానలోళ్లకు రిజిస్టర్డ్ పోస్టుల, రసీదు కార్డుతోని ఒక ఉత్తరం: కవర్ మీద మీరు క్లెయిమ్ వేసిన్రా, వేస్తే ఎంతొచ్చింది, నా సగం ఏది అని.

మాటలను బూతుకు తిప్పినా, మీ పాట నడకల అభ్యర్థి పేరు ఇరికించి ఎన్నికల బండ్ల మీద వేసినా, మీ పేరు తీసేసి తామే రాసినమని వేసుకున్నా, అడిగినా దిగిరాకున్నా అప్పుడు తీసేయించున్రి. హక్కులన్ని అమ్మేసినా కూడ, రచయితగ పేరు అడిగే హక్కు, తన పరువు పోయేటట్టు పాటను వికృతం చేస్తే ఆపే హక్కు 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటయి. ఎన్నికల పాట కవర్ కాదు, మార్పు చేసిన రచన. దానికి వేరే అనుమతి, వేరే రేటు, అది కూడ ముందే తీసుకోవాలె. ఎన్నికలు అయిపోయినంక ఫోను ఎత్తరు. డీజే మిక్స్‌కు వస్తే, అందుల ఛానలోళ్ల రికార్డింగు కూడ ఉంది కాబట్టి వాళ్లే తొందరగ క్లెయిమ్ వెయ్యగలరు. వాళ్లతోని కలిసి చేసి, వచ్చిన దాంట్ల పాట వాటా రాసుకోన్రి.

కోర్టు దాక పోతే ముంబైకో, వీడియో పెట్టినోళ్ల జిల్లాకో పోవాల్సిన పని లేదు. కాపీరైట్ కేసు మీరు ఉండే చోటి జిల్లా కోర్టులనే వెయ్యొచ్చు, అంటే నల్లగొండల. నష్టపరిహారం అడగాలంటే ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేండ్ల గడువు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతోని సంబంధం లేకుండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ఉచితంగ వకీలును పెడతరు, మిగిలినోళ్లల చాలమందికి ఆదాయ పరిమితి చూస్తరు. కాని ఇంత చిన్న మొత్తాలకు కేసు ఖర్చు, తిరుగుడే ఎక్కువైతది. ఉత్తరం, ఒక పేజీ కాయితంతోనే తెంపుకునుడు మంచిది.

ఆ 2021 కాయితంల కాలం, ప్రాంతం ఏమని రాసుందో, బాణీ పూర్తిగ మీదేనో కాదో ఇక్కడ రాయున్రి. అమ్మాయికి పంపే ఉత్తరంల ఒకటి రెండు లైన్లు దాన్ని బట్టే మారతయి.